ప్రూఫ్‌రీడరుకి పిల్ల దొరికింది

ఆ ఆదివారం పొద్దున ప్రూఫ్‌రీడరు అలారం మోగకముందే లేచి కూర్చున్నాడు. పదకొండు గంటలకు ఇంటికి పిల్లి వస్తోంది. ఆలోగా ముగించాల్సిన పనులు మూడే. ఇంట్లో ఉన్న మొక్కల్ని ఖాళీ చెయ్యాలి, పిల్లికి ఇసుక పళ్ళెం కొనాలి, గడ్డం గీసుకోవాలి. పిల్లి కోసమైతే గడ్డం గీసుకోనక్కర్లేదు. కాని దాన్ని తెచ్చే మనిషి పిల్లుల సంరక్షణ కేంద్రం తరఫున ఇల్లు తనిఖీ చేస్తుంది. ఇల్లు నచ్చితే పిల్లిని వదిలి వెళ్తుంది, నచ్చకపోతే బుట్టతో సహా వెనక్కి తీసుకుపోతుంది.

అతనికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కాలేదు. అచ్చాఫీసులో బడి పుస్తకాల ప్రూఫులు దిద్దుతాడు. ఐదంతస్తుల ఆ భవనంలో మూడో అంతస్తు అతనిది. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగుపెడితే పలకరించే ప్రాణి ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి కొన్నాళ్ళు మొక్కలు పెంచాడు. మొక్కలు ఏపుగానే పెరిగాయి గాని ఒక్కటీ గుమ్మం దాకా ఎదురు రాలేదు. అందుకని రెండు నెలల కిందట పిల్లి కోసం దరఖాస్తు పెట్టాడు.

కేంద్రం వాళ్ళు జవాబుతోపాటు పిల్లులకు విషమయ్యే మొక్కల జాబితా ఒకటి పంపించారు. అలవాటు కొద్దీ అతను ఎర్ర పెన్ను పట్టుకుని చదివాడు. అచ్చుతప్పులు రెండే దొరికాయి. మనీ ప్లాంటు, కలబంద, స్నేక్ ప్లాంటు, డీఫెన్‌బాకియా అని చదువుకుంటూ తలెత్తి చూస్తే అవన్నీ వరస తప్పకుండా అతని గదిలోనే నిలబడి ఉన్నాయి. జాబితా చివర లిల్లీ గురించి లావు అక్షరాల్లో వేశారు. ఆకు, రేకు, పుప్పొడి, ఆఖరికి పువ్వు పెట్టిన కూజాలో నీళ్ళు కూడా పిల్లి కిడ్నీలను పాడు చేస్తాయట. తన దగ్గర లిల్లీ ఒక్కటీ లేనందుకు గట్టిగా ఊపిరి తీసుకుని, మిగతా పదకొండు కుండీలను ఎక్కడ దాచాలా అని ఆలోచించాడు.

భవనంలో అందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ, రెండో చేత్తో అందులో ఇలా టైపు చేశాడు:

"మిత్రులకు మనవి. ఎంతోకాలంగా వెతుకుతుంటే నాకు ఇన్నాళ్ళకు పిల్ల దొరికింది. ఇవాళ పదకొండు గంటలకు ఇంటికి వస్తోంది. పిల్లకు మొక్కలు పడవు కనుక నా కుండీలను ఎవరైనా ఉంచుకోగలరని ప్రార్థన."

అతను కొట్టాలనుకున్నది 'పిల్లి' అనే. 'ల్ల' నెత్తిన గుడి పెట్టేలోపు ఫోను తొందరపడి 'పిల్ల' అని అందించింది. అతని బొటనవేలు అదే చాలనుకుంది. ఊళ్ళో వాళ్ళ రాతలన్నీ మూడేసి సార్లు చదివే మనిషి, తను రాసింది ఒక్కసారి కూడా చదవకుండా పంపించేశాడు.

నోరు పుక్కిలించి వచ్చేసరికి ఫోను వణికిపోతోంది. "ఎట్టకేలకు!" అన్నారొకరు. "మంచి కబురు చెప్పారు, చల్లగా ఉండండి" అన్నారింకొకరు. ఎప్పుడూ నీళ్ళ మోటారు గురించి తప్ప నోరెత్తని ఐదో అంతస్తు బేకరీ ఆయన ఏకంగా ఏడు పువ్వుల బొమ్మలు పెట్టాడు. ఈ భవనంలో పిల్లులంటే ఇంత ప్రేమ ఉందా అని ప్రూఫ్‌రీడరుకి కళ్ళు చెమర్చాయి.

కాలింగ్ బెల్లు మోగింది. ఎదురింటి పిన్నిగారు. ఆవిడ అతనికి వరసకు ఏమీ కాదు. భవనంలో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి పిన్నిగారనే పిలుస్తారు. అతని పెళ్ళి విషయంలో ఆరేళ్ళుగా అతని కంటే ఎక్కువ దిగులు పడుతున్నది ఆవిడే.

"నిజమేనా బాబూ? ఖాయమైనట్టేనా?" అంది గడపలోనే.

"దాదాపు ఖాయమే పిన్నిగారూ. వాళ్ళొచ్చి ఇల్లు చూసుకుంటారు. నచ్చితే ఇవాళే వదిలేసి వెళ్తారు."

"ఇవాళే!" పిన్నిగారు గోడ పట్టుకుంది. "ఇంత గుట్టుగా కానిచ్చేశావు. ఫొటో చూశావా? ఎలా ఉంటుంది?"

"చాలా బావుంటుందండీ. పెద్ద కళ్ళు. పేరు చిట్టి. కాస్త పెంకిదిట. ఇదివరకు రెండిళ్ళు మారిందిట, ఎక్కడా ఇమడలేదు."

"రెండిళ్ళా!"

"దాని తప్పేం లేదు పిన్నిగారూ. వాళ్ళకి చూసుకోవడం చేతకాలేదు. తల్లి కూడా లేదు పాపం. కేంద్రంలోనే పెరిగింది."

పిన్నిగారి మనసు కరిగిపోయింది. రెండిళ్ళు మారి వస్తున్న పిల్లను ఒక్క మాట కూడా తూలకుండా ఏలుకుంటానంటున్నాడు. అప్పుడే చనువుగా 'అది, దాని' అనేదాకా వచ్చాడు. "నీది వెన్నలాంటి మనసు నాయనా" అని అతని తల నిమిరి, "తాళం నాకిచ్చి వెళ్ళు. నువ్వు బజారుకి వెళ్ళినప్పుడు వాళ్ళొస్తే ఎవరో ఒకరు ఉండద్దూ?" అంది. అతను సంతోషంగా తాళం చెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

కుండీల్ని ఉంచుకుంటానని ముందుకొచ్చింది కింది అంతస్తు ఫైరాఫీసరు. మంటలార్పే శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఈ ఆరేళ్ళలో ఆ భవనంలో అగ్గిపుల్ల కూడా పొరపాటున వెలగలేదు. దాంతో ఆయన ఈల, టార్చిలైటు, తాడు మేకుకి వేలాడుతూ ఉండిపోయాయి. ఇద్దరూ లిఫ్టులో నాలుగు విడతలుగా కుండీలు దింపారు.

"కొత్త చోటు కదా, బెంగపెట్టుకుంటుందేమో. నాలుగు చోట్లా తిప్పి చూపించు" అన్నాడు ఫైరాఫీసరు, స్నేక్ ప్లాంటును చంకన పెట్టుకుని.

"అయ్యో, తిప్పకూడదుటండీ. మొదటి వారం గదిలోంచి బయటికి వదలొద్దన్నారు."

ఫైరాఫీసరు ఆగిపోయాడు. "వదలొద్దన్నారా?"

"పారిపోతుందిట. కిటికీలకి వలలు బిగించేశాను. తలుపు తీసినప్పుడల్లా కాలు అడ్డం పెట్టమన్నారు. మొదట్లో అరుస్తుందిట, పట్టించుకోకూడదుట. రెండ్రోజుల్లో ఆకలేసి అదే దారికొస్తుందిట."

ఫైరాఫీసరు కుండీని నెమ్మదిగా నేలమీద పెట్టాడు. ఇంత సౌమ్యంగా కనిపించే మనిషి ఇంత పని చేస్తాడని ఆయన కలలో కూడా అనుకోలేదు. "ఆమె... ఇష్టపడే వస్తోందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"దాని ఇష్టం ఎవరికి తెలుస్తుందండీ! బుట్టలో పెట్టి తెస్తారు" అని నవ్వుతూ ప్రూఫ్‌రీడరు బజారుకి బయల్దేరాడు. బుట్టలో అన్న మాట ఫైరాఫీసరు చెవిలో 'పుట్టింట్లో' అని పడిందో, 'పట్టి' అని పడిందో ఆయనకే తెలియదు. తలుపు వేసుకుని, మేకు మీద ఉన్న ఈలను తీసి జేబులో వేసుకున్నాడు.

ప్రూఫ్‌రీడరు బజారులో ఉన్న గంటన్నరలో పిన్నిగారు ఊరుకోలేదు. తల్లిలేని పిల్ల అడుగు పెడుతుంటే ఇల్లు అలా బోసిగా ఉంటే ఏం బావుంటుందని అన్ని అంతస్తులకూ కబురు పెట్టింది. బేకరీ ఆయన రెండంతస్తుల కేకు పట్టుకొచ్చాడు. నాలుగో అంతస్తు వాళ్ళు కొత్త దుప్పట్లు తెచ్చారు. పువ్వుల దగ్గరికి వచ్చేసరికి ఎవరో సందేహం వెలిబుచ్చారు.

"మొక్కలు పడవని రాశాడు కదండీ?"

"మట్టి పడదేమో" అని తేల్చేసింది పిన్నిగారు. "పువ్వులు పడని ఆడపిల్ల ఎక్కడైనా ఉంటుందా? అవి లేకపోతే చిన్నబోతుంది. మంచివి, పెద్దవి, వాసనవి తెప్పించండి."

ఆ వీధి చివర పువ్వుల దుకాణంలో ఆ రోజు ఉన్నవాటిలో మంచివి, పెద్దవి, వాసనవి ఒకటే రకం.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా ప్రూఫ్‌రీడరు ఇసుక సంచి భుజాన వేసుకుని మూడో అంతస్తు చేరాడు. అతని గుమ్మం బార్లా తెరిచి ఉంది. లోపల పద్ధెనిమిది మంది ఉన్నారు. బల్ల మీద, అలమరా మీద, కిటికీ గూట్లో, నేల మీద, ఎక్కడ చూసినా కూజాలు. ప్రతి కూజాలోనూ జానెడేసి తెల్ల లిల్లీలు నోళ్ళు తెరుచుకుని, పచ్చటి పుప్పొడి రాలుస్తున్నాయి.

అతని భుజం మీది సంచి జారి దబ్బున కిందపడింది.

"సంతోషంతో కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అంది పిన్నిగారు అందరికీ వినపడేలా.

"లిల్లీలు..." అన్నాడతను. దగ్గర్లో ఉన్న రెండు కూజాల్ని గుండెకి హత్తుకుని బాల్కనీ వైపు పరుగెత్తాడు. పువ్వులకి ఎంత మురిసిపోతున్నాడో చూడండని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అదే సమయానికి లిఫ్టు తలుపు తెరుచుకుంది.

లిఫ్టులోంచి ఒక పెద్దావిడ దిగింది. అరవై రెండేళ్ళుంటాయి. కత్తిరించిన తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు, ఒక చేతిలో గుడ్డ కప్పిన బుట్ట, రెండో చేతిలో నోటుపుస్తకం. కళ్ళు ఎర్రగా ఉబ్బి నీళ్ళు కారుతున్నాయి. గడపలో నిలబడి ముక్కు తుడుచుకుని, "చిట్టి వచ్చిందండీ. ఇదేనా ఇల్లు?" అంది. ఏడుపు గొంతుతో పిల్ల తన పేరు తానే చెప్పుకుందని గదిలో అందరికీ అర్థమైంది.

పద్ధెనిమిది మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది పిన్నిగారే. ఆవిడ సంస్కారం గల మనిషి.

"రామ్మా, రా. వయసుదేముంది, మనసులు కలవాలి గాని" అంటూ ఎదురెళ్ళి, ఒక పెద్ద లిల్లీల గుత్తిని పెద్దావిడ చేతుల్లో కుక్కింది. "కళ్ళ నీళ్ళు పెట్టుకోకమ్మా. ఇది నీ ఇల్లే అనుకో."

పెద్దావిడ లిల్లీల వంక చూసింది. ఏదో అనబోయింది గాని తుమ్ము అడ్డం వచ్చింది. ఆ సందులో ఫైరాఫీసరు జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. ఆయన కూడా వయసు చూసి కాస్త తడబడ్డాడు గాని కర్తవ్యం మర్చిపోలేదు.

"అమ్మా, భయపడకండి, నేనున్నాను. నిజం చెప్పండి. ఎవరి బలవంతమూ లేకుండానే వచ్చారా?"

"బలవంతమేంటండీ?" అంది పెద్దావిడ ముక్కు ఎగబీలుస్తూ. "పదిహేనేళ్ళ నుంచీ ఇదే పని నాకు. ఇది ముప్ఫై మూడో ఇల్లు."

పిన్నిగారు కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూర్చుంది. బేకరీ ఆయన కేకు మీద మళ్ళీ మూత పెట్టేశాడు.

బాల్కనీలోంచి ప్రూఫ్‌రీడరు ఊడిపడినట్టు వచ్చాడు. చొక్కా నిండా పచ్చటి పుప్పొడి, జుట్టులో ఒక రేకు. "మేడమ్, బుట్ట తెరవకండి! ఇవన్నీ నావి కావు! నాకేం తెలీదు!"

పెద్దావిడ అప్పటికి గదంతా కలయజూసింది. నోటుపుస్తకం తెరిచింది. "విషపు మొక్కలు ఒక్కటీ లేవని సంతకం పెట్టారు మీరు" అంది. గొంతులో జలుబు పోయి బడి పంతులమ్మ ప్రవేశించింది. "ఇక్కడ ఊళ్ళో ఉన్న లిల్లీలన్నీ ఉన్నాయి. నాకు ముందే అనుమానం వచ్చింది. దరఖాస్తులో 'నాకు ఒక పిల్ల కావాలి, ఎంత పెంకిదైనా ఫరవాలేదు' అని రాశారు. కుర్రవాళ్ళని పంపడం మంచిది కాదని నేనే స్వయంగా వచ్చాను."

"పిల్లా? పిల్లి అని కదా రాశాను!"

"పిల్లి ఏమిటి?" అంది పిన్నిగారు కుర్చీలోంచి.

సమాధానంగా బుట్టలోంచి "మ్యావ్" అని వినిపించింది.

పద్ధెనిమిది ఫోన్లు బయటికి వచ్చాయి. బేకరీ ఆయన పొద్దుటి సందేశాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివాడు. 'పిల్ల దొరికింది' దగ్గర ప్రూఫ్‌రీడరు ముఖం పాలిపోయింది. 'పిల్లకు మొక్కలు పడవు' దగ్గర గోడకి జారగిలబడిపోయాడు. పదహారేళ్ళుగా లక్షల అక్షరాలకు గుడులు, కొమ్ములు సరిచేసిన మనిషి. తన ఇంటికొచ్చే ఒక్క పిల్లికి గుడి పెట్టలేకపోయాడు.

"అయితే ఆ రెండిళ్ళూ..." అంది పిన్నిగారు.

"మారింది ఈ పిల్లి."

"పట్టి తెస్తారన్నది..." అన్నాడు ఫైరాఫీసరు.

"పట్టి కాదండీ, బుట్టలో. ఇదే ఆ బుట్ట."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని గదంతా పాకే వేళకు పెద్దావిడకి ఇంకో తుమ్ము వచ్చింది. ఈసారిది పెద్దది. తుమ్ముతో ఒళ్ళంతా ఊగి, చేతిలోని లిల్లీల గుత్తి బుట్ట కొక్కేనికి తగిలింది. మూత టక్కున లేచింది. గుడ్డ కింద నుంచి నారింజ రంగు ముద్ద ఒకటి ఎగిరి నేల మీద పడింది.

చిట్టి చెవులు వెనక్కి వంచి, మనుషుల కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయి, సరిగ్గా కిటికీ కింద ఉన్న పెద్ద కూజా ముందు ఆగింది. ఒక తెల్లటి పువ్వు దాని ముక్కు ముందు ఊగుతోంది. ముక్కు ముందుకు చాచింది. ప్రూఫ్‌రీడరు అటు ఒక్క అంగ వేశాడు. ఫొటోలో నెల రోజులుగా చూసుకుంటున్న ముఖం అది. ఇంట్లో అడుగుపెట్టి నిమిషం కాలేదు.

ఫైరాఫీసరు ఈల మోగింది.

ఆరేళ్ళుగా గొంతులో దాచుకున్న గాలినంతా ఆయన ఆ ఈలలో ఊదాడు. చిట్టి నిలువెత్తు ఎగిరి కర్టెను పట్టుకుని పైకి పాకింది. "కూజాలు కిందికి పంపండి! మంటలకి నీళ్ళ బకెట్లు అందించినట్టు వరసలో నిలబడండి! అందుకో, అందించు, ఆగొద్దు!" అని ఆయన కేకలు పెడుతుంటే పద్ధెనిమిది మందీ గుమ్మం నుంచి మెట్లదాకా గొలుసు కట్టారు. కూజాలు చేతులు మారుతూ కిందికి పోయాయి. నాలుగో అంతస్తు వాళ్ళు తెచ్చిన కొత్త దుప్పట్లు తడిపి, నేల మీద రాలిన పుప్పొడిని, చిందిన నీళ్ళను తుడిచేశారు. పిన్నిగారు మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి సోఫా కిందకు దూరి ఒక్కొక్క రేకునూ ఏరింది. కేకు మీద అలంకరణకు గుచ్చిన లిల్లీని చూసి బేకరీ ఆయన, వెనకా ముందూ చూసుకోకుండా కేకు మొత్తాన్నీ లిఫ్టులో కిందకు పంపేశాడు.

పది నిమిషాల్లో గది అద్దంలా అయింది. చిట్టి మాత్రం కర్టెను కడ్డీ మీద కూర్చుని దిగిరానంటోంది. ప్రూఫ్‌రీడరు ఆ కడ్డీ కిందకెళ్ళి నిలబడి మెల్లగా చేతులు చాచాడు.

"రా అమ్మా. అయిపోయింది. అందరూ మనవాళ్ళే. కాస్త చదువురాని వాడొకడున్నాడు, వాణ్ణి క్షమించెయ్."

చిట్టి అతని వంక చాలాసేపు చూసింది. ఒళ్ళు కూడదీసుకుని, అతని మీదకు దూకడానికి తోక ఆడించింది.

"చొక్కా!" అని అరిచింది పెద్దావిడ. "చొక్కా మీద పుప్పొడి!"

అతను వంగి చూసుకున్నాడు. ఛాతీ అంతా పచ్చగా ఉంది. బొత్తాలు విప్పేంత వ్యవధి లేదు. రెండు చేతులతో పట్టుకుని ఒక్క లాగు లాగాడు. బొత్తాలు నలుదిక్కులా ఎగిరాయి. చొక్కా గుమ్మం అవతల పడటమూ, చిట్టి అతని మెడ మీద పడటమూ ఒకేసారి జరిగాయి. చిల్లులు పడిన బనీనుతో, భుజం మీద నాలుగు గోళ్ళ గాట్లతో, పద్ధెనిమిది మంది ఎదుట నిలబడి పిల్లిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. నొప్పికి కళ్ళు మూసుకుపోతున్నాయి గాని చేతులు మాత్రం వదల్లేదు. కొంతసేపటికి మెడ దగ్గర సన్నగా గుర్రుగుర్రుమని మోత మొదలైంది. మోత ఆగితే ఎక్కడ దిగిపోతుందోనని అతను ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాడు.

పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకుని పిల్లి మూతి, పాదాలు, బొచ్చు అంతా వెతికింది. పుప్పొడి ఎక్కడా అంటలేదు. అయినా పశువుల డాక్టరుకి ఫోను చేసి జరిగిందంతా చెప్పి, సాయంత్రం ఒకసారి చూపిస్తానని ప్రూఫ్‌రీడరు దగ్గర మాట తీసుకుంది. తర్వాత నోటుపుస్తకం తీసింది.

"ఇల్లు చూస్తే ఇవ్వకూడదనిపిస్తోంది" అంది. "కాని పిల్లి కోసం ఇంతమంది మెట్ల మీద గొలుసు కట్టిన ఇల్లు ముప్ఫై మూడింటిలో ఇదొక్కటే. బొత్తాలు కుట్టించుకోండి." సంతకం పెట్టి కాగితం చింపి ఇచ్చింది.

చప్పట్లు మోగాయి. పిన్నిగారు ముక్కు చీదుకుంటూ, పిల్లి అయితేనేం, ఇంటికో తోడు వచ్చిందని చిట్టి తల నిమరబోయి, చెయ్యి కడుక్కుని రమ్మని పెద్దావిడ కసిరితే కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

అంతా సర్దుకున్నాక అసలు చిక్కు మిగిలింది. కింద ఫైరాఫీసరు ఇంట్లో పదకొండు కుండీలు, మెట్ల కింద పదమూడు కూజాల లిల్లీలు. చిట్టి కాళ్ళొచ్చిన పిల్లి. రేపో మాపో కిందకు దిగి ఫైరాఫీసరు గుమ్మం తొక్కకుండా ఉంటుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆయన కూడా వాటిని ఇంక ఒక్క పూట ఉంచుకోనన్నాడు. పారెయ్యడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

"నాకిచ్చెయ్యండి" అంది పెద్దావిడ. ఆ మాట అంటుంటే ఆవిడ ముఖం ఆ రోజంతటిలో మొదటిసారి వికసించింది. "లిల్లీలంటే నాకు ప్రాణం. స్నేక్ ప్లాంటు కూడా పడకగదిలో బావుంటుంది."

టాక్సీ పిలిపించి అన్నీ ఎక్కించారు. డిక్కీలో కుండీలు, వెనక సీట్లో కూజాలు, ఆవిడ ఒళ్ళో మిగిలిన పువ్వులన్నీ. తలుపు వేయబోతూ ప్రూఫ్‌రీడరు హఠాత్తుగా ఆగాడు.

"మేడమ్, ఒక్క నిమిషం. ఇవన్నీ ఇంట్లో పెట్టుకుంటే మరి మీ పిల్లులు?"

"మా ఇంట్లో పిల్లులా?" అంది పెద్దావిడ, ఉబ్బిన కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కటీ లేదండీ. వాటి బొచ్చు నాకు బొత్తిగా పడదు."

బట్టలకంటిన చిట్టి బొచ్చు పుణ్యమా అని, టాక్సీ వీధి మలుపు తిరిగేదాకా తుమ్ములు వినిపిస్తూనే ఉన్నాయి.